పక్కింటి కొమ్మలు మన వైపు వస్తే కొట్టేయొచ్చా?

ప్రశ్న:

మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ లేదు. సైప్రస్ మొక్కల కంచే హద్దు. మేము ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో మా మామగారు, పక్కింటి బాబాయిగారు కలిసి నాటించారు. మామగారు ఉన్నన్నాళ్లూ ఏటా ఇద్దరూ దగ్గరుండి కత్తిరింపు చేయించేవారు. ఆయన పోయాక ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడది దాదాపు పదకొండు అడుగులయింది. మా వంటింట్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సి వస్తోంది. దానికి తోడు వాళ్ల పెరట్లో, హద్దుకి కొంచెం అవతల, పెద్ద ఫైకస్ (మర్రి జాతి) చెట్టుంది. కొమ్మలు మా డాబా మీదకి వచ్చేశాయి. వేర్లు మా నడవలో గచ్చుని పైకి లేపాయి.

ఈ మధ్య వాళ్లు ఊళ్లో లేనప్పుడు మా వారు ఒక మనిషిని పిలిపించి కంచెని మా వైపు లోపలికంటా కొట్టించేశారు. కొట్టిన కొమ్మలన్నీ వాళ్ల వైపే పడేయించారు. "వాళ్ల చెత్త వాళ్లకే" అన్నారు. ఇప్పుడు మా వైపంతా ఎండుపుల్లలే. ఒక్క చిగురు కూడా రాలేదు. బాబాయిగారు వచ్చి చూసి ఏమీ అనలేదు, కానీ ఆ రోజు నుంచి మాతో మాట్లాడటం మానేశారు. పిన్నిగారు ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారు. వాళ్లబ్బాయి మాత్రం మా వారికి "కోర్టులో చూసుకుందాం అంకుల్" అని మెసేజ్ పెట్టాడు.

మా స్థలంలోకి వచ్చిన కొమ్మల్ని కొట్టుకునే హక్కు మాకు లేదా? ఇక ఫైకస్ సంగతి కూడా తేల్చేద్దాం, గచ్చు తవ్వించి వేర్లు నరికించేస్తే పీడా పోతుంది అంటున్నారు మా వారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

— ఓ పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు ఒక్క పని చేయండి. గచ్చు తవ్వే మనిషిని రావద్దని చెప్పండి. మిగతావి నిదానంగా తేల్చుకోవచ్చు గానీ నరికిన వేరు మళ్లీ అతకదు. ఎందుకు వద్దంటున్నానో వేర్ల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

మీరడిగింది హక్కు గురించి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. హక్కు ఉంది, కానీ మీ వారు అనుకున్నంత లేదు. దేశానికో తీరు కూడా. ఇంగ్లండులో ఇది 1894లోనే పైకోర్టులన్నీ దాటి, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ దాకా వెళ్లింది. అవతలివాళ్ల స్థలంలో అడుగు పెట్టకుండా కొయ్యగలిగితే, మన మీదకి వచ్చిన కొమ్మల్ని ముందుగా చెప్పకుండానే కోసుకోవచ్చని తీర్పు వచ్చింది. మీ వారికి ఇది వినడానికి బాగానే ఉంటుంది. అయితే అదే దేశంలో 1919లో వచ్చిన మరో తీర్పు ప్రకారం, కోసిన కొమ్మ, దానికున్న కాయ చెట్టు యజమానివే. మనం ఉంచేసుకోకూడదు. అలాగని అడక్కుండా వాళ్ల పూలమొక్కల మీద గుట్టగా పడేయమని ఏ కోర్టూ చెప్పలేదు.

ఫ్రాన్సు వెళ్తే కథ తిరగబడుతుంది. అక్కడి సివిల్ కోడు 673వ అధికరణం ప్రకారం వేర్లయితే హద్దు దాకా మీరే కోసుకోవచ్చు. కొమ్మలయితే మీరు చెయ్యి వేయకూడదు, యజమాని చేత కోయించాలి. జర్మనీలో కొమ్మలకి ముందు గడువు ఇవ్వాలి, ఆ గడువులో వాళ్లు కోయకపోతేనే మన రంపం బయటికి తీయాలి. అది కూడా ఆ కొమ్మ వల్ల మన స్థలం వాడుకకి నిజంగా ఇబ్బంది ఉంటేనే. జపాన్‌లో ఎన్నో ఏళ్లు పక్కింటివాళ్లు కొమ్మల్ని కొయ్యమని అడగడమే గానీ సొంతంగా కోసుకునే అధికారం ఉండేది కాదు, 2023 ఏప్రిల్ నుంచి మార్చారు. కొయ్యమని అడిగి, తగినంత సమయం ఇచ్చి, అప్పటికీ కొయ్యకపోతే మనమే కోసుకోవచ్చు. ఇంగ్లండు తీర్పుని పక్కన పెడితే ఈ మిగతా మూడు దేశాల్లో కొమ్మ విషయంలో ముందు మాట, తర్వాత రంపం. మీ ఇంట్లో వరస తిరగబడింది.

మీరున్న చోట ఏ నియమమో అక్కడి లాయర్‌ని ఒక గంట కూర్చోబెట్టి అడగండి. అడిగేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేయండి: ఈ చెట్టుని ముట్టుకోవడానికి స్థానిక సంస్థ అనుమతి కావాలా? చాలా చోట్ల ఒక సైజు దాటిన చెట్టుని యజమాని సొంత పెరట్లో కొట్టాలన్నా అనుమతి ఉండాలి. పక్కింటివాళ్లు ఒప్పుకున్నా జరిమానా తప్పదు.

ఇప్పుడు మీ వారికి నచ్చని సంగతి ఒకటి. ఆ కంచె వాళ్లదని మీరిద్దరూ అనుకుంటున్నట్టున్నారు. మీ ఉత్తరంలో మీరే రాశారు, మీ మామగారు, బాబాయిగారు కలిసి నాటించారని. మొక్క ఎవరిదన్నది సాధారణంగా దాని మొదలు భూమిలోంచి ఎక్కడ లేచిందో దాన్ని బట్టి తేలుస్తారు, కొమ్మలు ఎటు వాలాయన్నది చూడరు. సరిగ్గా హద్దు మీద నాటి ఉంటే చాలా చోట్ల అది ఇద్దరిదీ అవుతుంది. జర్మన్ చట్టంలో అయితే హద్దు మీది చెట్టు కాయలు చెరి సగం, కొట్టేస్తే కలప కూడా చెరి సగం అని రాసే ఉంది. ఉమ్మడి కంచెని ఒక పక్క నుంచి లోపలికంటా కొట్టడమంటే ఉమ్మడి ఆస్తిని అడక్కుండా పాడు చేసినట్టే. "మా స్థలంలోకి వచ్చినవి కొట్టాం" అన్న వాదన అక్కడ నిలబడటం కష్టం. అందుకే వాళ్లబ్బాయి కోర్టు మాట ఎత్తితే తేలిగ్గా తీసుకోకండి. కంగారూ పడకండి.

అలాగని సర్వే చేయించి రాళ్లు పాతించేద్దాం అని పరుగెత్తకండి. ఒకరు ఒంటరిగా పిలిపించే సర్వే కొలత కోసం కాదు, యుద్ధానికి పిలుపులా కనిపిస్తుంది. టేపు పట్టుకున్న మనిషిని కిటికీలోంచి చూసిన క్షణంలో అవతలి ఇంట్లో లాయర్ నంబరు వెతుకుతారు. నాటినప్పటి ఫొటోలు, ఇంటి కాగితాల్లో ప్లాను బయటికి తీసి పెట్టుకోండి. సర్వే కావాల్సి వస్తే ఇద్దరూ కలిసి, ఖర్చు పంచుకుని చేయించుకోండి.

ఇక మొక్కల సంగతి. మీ వైపు చిగుళ్లు రాలేదు అన్నారు, రావు. సైప్రస్ జాతి మొక్కల తీరే అంత. బయటి వైపు పచ్చగా దట్టంగా కనిపిస్తుంది గానీ, చేత్తో ఆకుల్ని పక్కకి తోసి చూడండి, ఒక జానెడు లోపలికి వెళ్లేసరికి అంతా గోధుమరంగు ఎండు పుల్లే. ఎండ తగలని లోపలి భాగంలో మొగ్గలు మిగలవు. పచ్చదనం ఉన్నంత మేర కత్తిరిస్తే మళ్లీ దట్టంగా వస్తుంది. ఆ పచ్చ అంచు దాటి ముదురు కట్టె దాకా కోస్తే అక్కడి నుంచి తిరిగి చిగురించదు. ఆకురాల్చే కంచె మొక్కలు చాలావరకు మోడు చేసినా లేస్తాయి, ఇవి లేవవు. కొట్టిన మనిషికి ఈ తేడా తెలిసి ఉండాల్సింది. కత్తి పట్టుకున్న ప్రతివాడికీ చెట్టు తెలుస్తుందనుకోవడం మనందరికీ ఉన్న అలవాటు.

కాబట్టి ఆ పక్క పచ్చబడుతుందని ఎదురు చూడకండి, ఎరువు వేసి నీళ్లు పోస్తే వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, మీ వైపు ఎండు పక్క కనిపించకుండా ఓ తేలికపాటి తీగ పాకించడం. మరీ దట్టంగా అల్లుకునేది వద్దు, అది అవతలి పచ్చదనాన్ని కూడా మింగేస్తుంది. రెండు, ఇద్దరూ ఒప్పుకుంటే ఈ కంచెని భాగాలుగా తీసేస్తూ, ముదురు కొమ్మ నుంచి కూడా చిగురించే రకాన్ని నాటుకుంటూ రావడం. ఈ రెండోదే నాకు మంచిదనిపిస్తోంది. ఏళ్లు పడుతుంది. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఇదే పేచీ మీ పిల్లల మధ్య మళ్లీ రాదు.

ఈలోగా ఎత్తు మాత్రం తగ్గించుకోవచ్చు. మీ వంటింటికి కావాల్సింది అదే, పక్కల నుంచి కోసినందువల్ల వెలుతురు పెద్దగా రాలేదు కదా. ఇలాంటి ఎత్తయిన కంచెల గొడవలు ఎక్కువై ఇంగ్లండులో 2003 చట్టంలో వీటికి ఒక భాగం కేటాయించి, 2005 నుంచి అమలు చేస్తున్నారు. ఏడాది పొడవునా ఆకు నిలిచే మొక్కలు రెండో అంతకంటే ఎక్కువో వరసగా ఉండి, 2 మీటర్లు దాటి, పక్కింటి వెలుతురుకి అడ్డం వస్తుంటే స్థానిక కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. 2 మీటర్లంటే ఆరున్నర అడుగులు. అంతకంటే కిందికి కొట్టమని ఆదేశించే అధికారం కౌన్సిల్‌కి కూడా లేదు, పూర్తిగా తీసేయమనే అధికారమూ లేదు. ముఖ్యంగా, ఫిర్యాదు ఇచ్చేవాళ్లు ముందు పక్కింటివాళ్లతో మాట్లాడి చూశామని చూపించాలి. చూపించలేకపోతే కాగితం వెనక్కి వస్తుంది. ఆ చట్టం మీకు వర్తించినా వర్తించకపోయినా ఆరున్నర అడుగులన్న లెక్క పనికొస్తుంది. మనిషి తల కనపడదు కాబట్టి వాళ్ల చాటు వాళ్లకుంటుంది, మీ కిటికీకి ఆకాశం కనిపిస్తుంది.

ఒక్కసారే అంత కిందికి దించకండి. మూడో వంతుకి మించి తీస్తే ఇలాంటి మొక్కలు దెబ్బతింటాయి. మీది పదకొండు అడుగులంటున్నారు, ఈ ఏడాది ఏడున్నర దాకా దించి, కోలుకున్నాక మిగతాది చూసుకోండి. ఒకవైపు ఇప్పటికే ఒళ్లంతా కోత పడి ఉంది కాబట్టి నన్నడిగితే ఈసారి ఇంకాస్త తక్కువే తీయించమంటాను. కంచె కింద వెడల్పుగా, పైకి పోయే కొద్దీ సన్నగా ఉండేట్టు కత్తిరించాలి. లేకపోతే పై భాగం నీడ పడి కింద బోసిపోతుంది. గూళ్లలో గుడ్లూ పిల్లలూ ఉన్న రోజుల్లో మాత్రం రంపం పట్టుకోవద్దు. లోపల తల పెట్టి చూశాకే మొదలుపెట్టమనండి.

ఫైకస్ కొమ్మల దగ్గరికి వద్దాం. నేను మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడుంది. హద్దు గీత మనుషులకి తెలుసు, చెట్టుకి తెలియదు. సరిగ్గా గీత మీద కోయడం చట్టానికి సరిపోతుంది గానీ, చెట్టుకి అది దాదాపు ఎప్పుడూ తప్పు చోటే.

ఒక కొమ్మని దగ్గర నుంచి చూడండి. అది మానులో కలిసే చోట చుట్టూ కాస్త ఉబ్బుగా, ముడతలు పడి ఉంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేలాది చెట్లని నిలువునా చీల్చి చూసి తేల్చిన విషయం ఏమిటంటే, చెట్టు గాయాన్ని మనలా మాన్పుకోదు. కుళ్లు లోపలికి పోకుండా దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఆ గోడ బలంగా లేచేది ఆ ఉబ్బు దగ్గర. ఉబ్బుకి కొంచెం బయటగా కోస్తే కోత చుట్టూ బెరడు మూసుకుపోతుంది. మానుకి సమంగా చెక్కేస్తే ఆ రక్షణ పోతుంది. అలాగే కొమ్మ మధ్యలో, అంటే మీ గీత దగ్గర కోసి వదిలేస్తే ఆ మోడు ఎండి కుళ్లడం మొదలవుతుంది, లేదా దాని చివర గుబురుగా పిలకలు వస్తాయి. ఫైకస్ అయితే పిలకలు విరగబడి వస్తాయి. అవి పైపైన అతుక్కున్న కొమ్మలు, గాలికి తేలిగ్గా విరుగుతాయి. రెండేళ్లలో మీ డాబా మీదకి ముందుకంటే ఎక్కువ ఆకు వస్తుంది, అదీ బలహీనమైన కొమ్మల మీద.

మరి సరైన చోటు ఎక్కడుంది? చాలాసార్లు హద్దుకి అవతల, వాళ్ల స్థలంలో. అక్కడ కోయాలంటే వాళ్లు ఒప్పుకుని తీరాలి. చట్టం సాధారణంగా మీకు ఆ నిచ్చెన వేసి పెట్టదు. మీ డాబా మీదకి ఆకు రాకూడదంటే బాబాయిగారితో మాట్లాడటం తప్ప వేరే దారి లేదు. మర్యాద కోసమని ఈ మాట చెప్పడం లేదు. రంపం పెట్టాల్సిన చోటు ఆయన పెరట్లో ఉంది.

ఒప్పుకున్నాక పని తెలిసినవాళ్ల చేత చేయించండి. బరువు కొమ్మని మూడు కోతల్లో తీస్తారు. ముందు కొంచెం దూరంగా కింది నుంచి సగం లోపు, తర్వాత దానికి ఇంకా బయటగా పై నుంచి, కొమ్మ పడిపోయాక మిగిలిన మోడుని ఆ ఉబ్బు దగ్గర. అలా కాకుండా ఒకే దెబ్బకి పై నుంచి కోస్తే కొమ్మ బరువుకి బెరడు కిందిదాకా చీలుకుపోతుంది. వచ్చిన మనిషి మొదటి కోత కింది నుంచి పెట్టాడంటే పని తెలిసినవాడని అర్థం. ఒక సీజన్లో ఆకులో నాలుగో వంతుకి మించి తీయనివ్వకండి. తల నరికి గుండు చేసి వెళ్లిపోతానంటే పంపించేయండి. కోత మీద పెయింటు పూయక్కర్లేదు, దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. ఫైకస్ పాలు చర్మానికి, కళ్లకి మంట పుట్టిస్తాయి, చేతులకి గ్లవ్స్ వేసుకోమనండి.

ఇక వేర్లు. ఒక టేపు తీసుకుని, బాబాయిగారు ఒప్పుకున్నాకే సుమా, నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తులో మాను చుట్టుకొలత కొలవండి. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. ఆ అడ్డుకొలతకి 12 రెట్లు దూరం వరకు చెట్టు చుట్టూ తవ్వకూడదని బ్రిటన్‌లో ఇళ్లు కట్టేవాళ్లు పాటించే ప్రమాణం. మాను అడ్డంగా 50 సెంటీమీటర్లుంటే 6 మీటర్లు, అంటే ఇరవై అడుగులు. మీ నడవ కచ్చితంగా అందులోకే వస్తుంది. చెట్టుని నిలబెట్టే లావు వేర్లు మానుకి దగ్గర్లోనే ఉంటాయి. మిగతా వేళ్లలో చాలా భాగం పై రెండడుగుల మట్టిలోనే పక్కలకి పాకుతాయి. వాటిని మీ వైపు తెగ్గోస్తే చెట్టుకి మీ వైపు పట్టు పోతుంది. ఆ తర్వాత పెద్ద గాలి వస్తే అది ఎటు పడుతుందో గాలిని బట్టి ఉంటుంది. మీ ఇంటి మీద పడినా, వాళ్ల ఇంటి మీద పడినా, వేర్లు కోసింది ఎవరని అడిగితే జవాబు ఒకటే. ఫ్రాన్సు, జర్మనీ చట్టాలు వేర్లు కోసుకోవచ్చన్నంత మాత్రాన చెట్టు కూలితే బాధ్యత తప్పుతుందని అనుకోకూడదు.

గచ్చు లేచిందంటే దానికి చెట్టుని చంపడమొక్కటే మందు కాదు. ఆ మేర గచ్చు తీసేసి వేరుని అలాగే ఉంచి, దాని మీద ఇసుకో కంకరో పరిచి విడి పలకలు పేర్చుకోండి. వేరు లావైనప్పుడు పలకలు కొంచెం కదులుతాయి, మళ్లీ సర్దుకోవచ్చు, పగలవు. డ్రైనేజీ పైపు ఆ పక్క నుంచే వెళ్తుంటే ఒకసారి కెమెరా పెట్టించి చూడండి. గట్టి పైపుని వేరు పగలగొట్టదు, కారుతున్న జాయింటు ఉంటే తేమ వెతుక్కుంటూ అందులోకి దూరుతుంది. జాయింటు బాగు చేయిస్తే సమస్య సగం పోతుంది.

గోడకి పగుళ్లున్నాయా లేదా మీరు రాయలేదు. ఉంటే మాత్రం వ్యవహారం వేరు. బంకమట్టి నేలలో చెట్టు నీరు తాగేస్తే నేల కుంచించుకుని పునాది కిందికి దిగుతుంది. అప్పుడు కూడా చెట్టుని హఠాత్తుగా తీసేస్తే మట్టి మళ్లీ నీరు పీల్చుకుని ఉబ్బి పునాదిని పైకి తోస్తుంది. సివిల్ ఇంజనీరు చూడకుండా ఏమీ చేయకండి. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ మీద నడిచిన ఒక కేసు ఇలాంటిదే. వీధి చెట్టు వేర్లు ఒక ఫ్లాట్ల భవనాన్ని దెబ్బతీశాయి. చెట్టు తీసేయమని నివేదిక ఇచ్చినా కౌన్సిల్ వినలేదు. భవనం యజమానులు సొంత ఖర్చుతో పునాదులు బలపరచుకుని దావా వేస్తే 2001లో ప్రభువుల సభ కౌన్సిలే డబ్బు కట్టాలంది. అయితే ఆ తీర్పులో ఒక షరతుంది. చెట్టు యజమానికి ముందు తెలియజేయాలి, సరిచేసుకునే అవకాశం ఇవ్వాలి. చెప్పకుండా మనమే ఖర్చు పెట్టుకుని బిల్లు పంపితే కుదరదు.

కొందరు మీ వారికి వేరే సలహాలు కూడా ఇస్తారు. రాత్రి పూట మొదట్లో యాసిడ్ పొయ్యమని, రాగి మేకులు కొట్టమని. రాగి మేకులకి ఆరోగ్యంగా ఉన్న పెద్ద చెట్టు చావదు. యాసిడ్ పోస్తే చెట్టు చచ్చినా చావకపోయినా అది నేరం. పైగా సగం చచ్చిన చెట్టంత ప్రమాదకరమైనది ఇంకోటి లేదు, అది ఉన్నది మీ డాబా పక్కనే.

ఇప్పుడు వాళ్ల గుమ్మం ఎక్కడం ఎలా అన్నది. వెళ్లాల్సింది మీ వారు. మీరు వెంట వెళ్లండి, కానీ మాట ఆయనే మొదలుపెట్టాలి. కొట్టించింది ఆయన. మీరు ఒక్కరే వెళ్లి పిన్నిగారి చేతులు పట్టుకుని ఏడిస్తే ఆవిడ కరుగుతారేమో గానీ బాబాయిగారి దగ్గర లెక్క అలాగే ఉంటుంది. వెళ్లే ముందు వాళ్ల వైపు పడేసిన కొమ్మలు ఇంకా అక్కడే ఉంటే, "తీయించేస్తాం బాబాయిగారూ, మనిషిని పంపమంటారా?" అని ఫోన్లో అడిగి, ఆయన ఊఁ అంటే తీయించండి. అడక్కుండా మళ్లీ మనిషిని లోపలికి పంపకండి.

ఆయన ఎదురుగా కూర్చున్నాక చెప్పాల్సింది రెండు వాక్యాలే. "మీరు లేనప్పుడు కొట్టించడం తప్పయింది బాబాయిగారూ. నాన్నా మీరూ నాటిన కంచె, మిమ్మల్ని అడగాల్సింది." అక్కడ ఆపేయాలి. "కానీ మాకు వెలుతురు..." అని వెంటనే అందుకున్నారంటే ముందన్న రెండు వాక్యాలూ గాల్లో కలిసిపోతాయి. ఆయన తిట్టనీ, ఊరుకోనీ. మీ నాన్న ఉంటే ఇలా జరిగేదా అని అడగనీ. అడుగుతారు. దానికి జవాబు వెతకొద్దని మీ వారికి ముందే చెప్పి పెట్టండి. ఆయనకి నొప్పి మొక్కల గురించి మాత్రమే అని నాకు అనిపించడం లేదు. ఏటా పక్కన నిలబడి కత్తిరింపు చేయించిన స్నేహితుడు లేడు, కంచె మిగిలింది, అది ఊరెళ్లి వచ్చేసరికి ఇలా అయింది. మౌనంగా ఉన్నది అందుకే కావచ్చు.

వెలుతురు మాట ఇంకో రోజు. ఆ రోజు వాదించకండి, చూపించండి. మధ్యాహ్నం పన్నెండు గంటలకి ఇద్దరినీ మీ వంటింట్లోకి తీసుకెళ్లి లైటు ఆర్పేయండి. గట్టు మీద ఉన్న గిన్నెలు కనపడుతున్నాయా లేదా వాళ్లే చూస్తారు. కంచెకి అవతల ఉన్నవాళ్లకి అది పచ్చటి గోడ, ఇవతల అది చీకటని వాళ్లకి తెలిసే అవకాశమే లేదు. డాబా మీదకి తీసుకెళ్లి కొమ్మలు కూడా చూపించండి. అడిగేటప్పుడు కొలతతో అడగండి. "కొంచెం తగ్గించండి" అంటే ఆయన ఒక జానెడు తగ్గించి పని అయిపోయిందంటారు, మీరు మోసం చేశారంటారు. "ఈ ఏడాది ఏడున్నర అడుగులు, తర్వాత ఆరున్నర. ఈసారి ఖర్చంతా మాది, ఆ తర్వాత చెరి సగం. మనిషిని మీరే చూడండి" అనండి. మనిషిని ఎంచుకునే పని ఆయనకి వదలడం ముఖ్యం, ఒకసారి మీ మనిషి చేసిన పని చూసి ఆయన బెదిరిపోయారు.

కుదిరింది ఏమిటో ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసుకోండి. ఎత్తు ఎంత, ఏ నెలలో కత్తిరింపు, ఖర్చు ఎవరిది, కొట్టిన ఆకు ఎవరు ఎత్తించాలి. రెండు కాపీలు, రెండు సంతకాలు. సొంతవాళ్ల మధ్య కాగితమేంటని ఎవరో ఒకరు అంటారు. మామగారు, బాబాయిగారు నోటి మాటతో నడిపించుకున్నారు నిజమే. వాళ్ల తర్వాతి వాళ్లు నడిపించుకోలేకపోయారు కదా, అందుకే కాగితం.

ఎంత చెప్పినా కుదరకపోతే అప్పుడు తేదీ వేసి, ఫొటోలు జత చేసి, ఒక ఉత్తరం ఇవ్వండి. కోపం లేకుండా, ఏం జరుగుతోందో, ఏం కోరుతున్నారో రాస్తే చాలు. తర్వాత ఇద్దరికీ ఇష్టమైన పెద్దమనిషో, మీడియేటరో. లాయర్ నోటీసు ఆ తర్వాత. నోటీసు వెళ్లిందంటే పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఏళ్ల తరబడి వాయిదాల లెక్క చూసుకుంటారు, కంచె మాత్రం ఆ ఏళ్లన్నీ పెరుగుతూనే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ వరస అంతా పక్కన పెట్టొచ్చు. ఫైకస్ మొదట్లో పుట్టగొడుగుల్లాంటివి మొలిచినా, మాను చుట్టూ మట్టి పగిలి పైకి లేచినా, ఇదివరకు లేని వాలు కనపడినా, పెద్ద కొమ్మ ఎండిపోయి మీ డాబా మీద వేలాడుతున్నా ఆగకండి. ఆ రోజే ఫొటో తీసి బాబాయిగారికి, వాళ్లబ్బాయికి పంపండి, స్థానిక సంస్థకి తెలియజేయండి. ప్రమాదం ఉందని చెప్పాక కూడా పట్టించుకోకపోతే చాలా చోట్ల బాధ్యత యజమాని మెడకి చుట్టుకుంటుంది. చెప్పకుండా ఊరుకుంటే, ఎవరూ చెప్పలేదు కాబట్టి నాకు తెలియదని ఆయన అనగలరు.

ఇక వాళ్లబ్బాయి మెసేజ్. దానికి మీ వారు ఇంకా జవాబు ఇవ్వకపోతే చాలా మంచి పని చేశారు. ఇప్పుడు ఇవ్వాల్సింది ఇంతే: "నీ కోపం న్యాయమే బాబూ. నాన్నగారితో కూర్చుని మాట్లాడతాను. అప్పటిదాకా మా వైపు నుంచి ఏ కొమ్మా, ఏ వేరూ ముట్టుకోం." ఇందులో చట్టం పేరు రావొద్దు, పాత పేచీలు రావొద్దు. ఆ అబ్బాయి తిరిగి పది మెసేజ్‌లు పెట్టినా మీ వారు ఫోన్లో వాదనకి దిగొద్దు. నాన్నగారిని కలిసే తేదీ ఒక్కటే చెప్పమనండి.